గుప్పెడంత ముఖం

“కళ్లు మూసుకోండి మేడం. మీ పాప ముఖాన్ని మనసులోకి తెచ్చుకోండి. నెమ్మదిగా... తొందరేం లేదు,” అంది కౌన్సిలరమ్మాయి.

అద్దాలమ్మ కళ్లు మూసుకుంది. లోపలంతా వెతికింది. ఏమీ దొరక్క కళ్లు తెరిచి, “ఏ ముఖం?” అంది.

ఆ అమ్మాయి కంగారుపడింది. కోర్సు ముగించుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. ఇలాంటి ప్రశ్న ఒకటి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

“మీ పాప ముఖమే మేడం. ముందు గుర్తు తెచ్చుకుంటేనే కదా, తర్వాత వీడ్కోలు చెప్పగలిగేది. ఇది మొదటి మెట్టు.”

“నాకు చూపించలేదు కదమ్మా.”

“ఎవరు చూపించలేదు?”

“ఎవరేంటి? మీరే. ఈ ఆసుపత్రే.”

కౌన్సిలరమ్మాయి బల్ల మీదున్న టిష్యూల డబ్బాను ఆమె వైపు జరిపింది. ఆ గదిలో ఏ చిక్కు వచ్చినా ఆ డబ్బా ఒకసారి ఇటు జరుగుతుంది.

గది సంగతి కూడా చెప్పుకోవాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు మానసికంగా అండగా నిలుస్తామని ఆసుపత్రివాళ్లు ఈమధ్యనే ఊదరగొట్టి మరీ తెరిచిన గది అది. అంతకుముందు అందులో విరిగిన చక్రాల కుర్చీలు పడేసేవారు. గోడలకు లేత ఆకుపచ్చ రంగు కొట్టించారు, తల్లి కూర్చోవడానికి మెత్తటి సోఫా వేయించారు. తండ్రి అనేవాడొకడు కూడా వస్తాడని తట్టలేదేమో, అతనికి మాత్రం పక్క గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తారు. ఇంతా చేసి ఆ గదిని పెట్టింది కాన్పుల అంతస్తులో. పిల్లలు పుట్టినవాళ్లు ఫొటోలు దిగుతున్న వరండా గుండా, ఉయ్యాల మంచాల వరస దాటుకుని, కేరుకేరుమనే ఏడుపులు వింటూ అక్కడికి చేరాలి. ఆ వరండా దాటి రాగలిగిన మనిషికి ఇంక కొత్తగా చెప్పాల్సిన ధైర్యం ఏముంటుందో ఆ పెద్దలకే తెలియాలి.

ప్లాస్టిక్ కుర్చీలోంచి ఆమె భర్త గొంతు సవరించుకున్నాడు.

“నేను చూశాను,” అన్నాడు.

ఇద్దరూ అటు తిరిగారు. బిడ్డ పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఆ ఊసే ఎత్తని మనిషి, ఆమె ఎత్తబోతే లేచి బయటికి పోయే మనిషి, ఇప్పుడు కుర్చీ అంచుకు జరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

“అచ్చం నీ పోలికే. నీ ముక్కే. సూటిగా, తీర్చిదిద్దినట్టు. కళ్లు కూడా నీవే, ఇంతింత.”

“జుట్టు?”

“ఒత్తుగా ఉంది. నల్లగా.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నువ్వు తట్టుకోలేవని,” అన్నాడు నేలచూపులు చూస్తూ.

కౌన్సిలరమ్మాయి ముఖం విప్పారింది. “చూశారా! మనసు విప్పి మాట్లాడుకుంటే ఎంత బాగుంటుందో,” అంది.

అద్దాలమ్మ అసలు పేరు ఎవరికీ పట్టదు. కళ్లజోళ్ల షాపులో పని ఆమెది. కంటిపాపల మధ్య దూరం కొలవడం, ముఖానికి తగ్గ ఫ్రేము ఎంచడం, ముక్కు మీంచి జారిపోయే జోడును వేడి చేసి, వంచి, కుదురుగా కూర్చోబెట్టడం. వయసులో చిన్నదే అయినా, ఓ ముసలాయన “అద్దాలమ్మా, నువ్వు పెడితేనే ఇది నా ముఖాన నిలుస్తుంది” అన్నప్పటి నుంచి వీధి వీధంతా అదే పిలుపు. మనుషుల పేర్లు మరిచిపోతుంది గానీ ముఖాలు మరిచిపోదు. ఒక చెవి కిందికి, ఒక చెవి పైకి ఉన్నవాళ్లు, ముక్కు పక్కకు ఒరిగినవాళ్లు, అందరూ ఆమె వేళ్లకు గుర్తే. అలాంటి మనిషికి సొంత బిడ్డ ముఖం తెలియదు.

నెలలు నిండాక, కడుపులోనే పోయింది బిడ్డ. కాన్పు మాత్రం అందరి కాన్పులాంటిదే. పడాల్సిన నొప్పులన్నీ పడాలి. చివర్లో ఏడుపొక్కటే వినబడదు. “ఆడపిల్ల” అన్నారెవరో. ఆమె తల ఎత్తి “ఏదీ, చూపించండి” అంది. పెద్ద సిస్టరు అప్పటికే గుడ్డ చుట్టేస్తోంది. “వద్దమ్మా, చూస్తే మరిచిపోలేవు” అంది. ఆ ఆసుపత్రిలో అది ఎప్పటి నుంచో వస్తున్న పద్ధతి. పోయిన బిడ్డను తల్లికి చూపించరు, గుమ్మం బయట తండ్రి చేతిలో పెట్టేస్తారు. గుమ్మంలోంచి అత్త కూడా “దానికి చూపించకండి, బెంగ పెట్టుకుంటుంది” అని కేకేసింది. అందరూ ఆమె మంచి కోరినవాళ్లే. మంచి కోరి ఓ ఇంజక్షన్ కూడా ఇచ్చారు. ఆమె కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది.

ఇంటికొచ్చాక పాలు పడ్డాయి. బిడ్డ లేకపోయినా పాలు వస్తాయని ఆమెకు ఒక్కరంటే ఒక్కరూ చెప్పలేదు. బట్టలు తడిసిపోతుంటే ఏం జరుగుతోందో తెలియక స్నానాల గదిలో నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. “గట్టిగా గుడ్డ కట్టుకో అమ్మాయీ” అంది అత్త, తలుపవతలి నుంచే. చూడవచ్చినవాళ్లంతా ఒకటే పాట పాడారు: వయసులో ఉన్నారు, ఇంకొకరు పుడతారు. జోడులో ఒక అద్దం పగిలితే ఇంకోటి వేయించుకోమన్నట్టు చెప్పి చేతులు దులుపుకున్నారు. వాళ్లందరి మీదా ఆమెకు ఒళ్లు మండేది. అందరికన్నా ఎక్కువ మంట మొగుడి మీద. ఆ ముఖం అతని దగ్గరుంది. దాన్ని తన ఒక్కడి కోసం దాచుకుని, నోరు మెదపకుండా తిరుగుతున్నాడు.

ఇప్పుడు నోరు విప్పాడు. బండి మీద ఇంటికి వస్తున్నంతసేపూ వెనక కూర్చుని ఆమె ఆ ముక్కునీ, ఆ కళ్లనీ పేర్చుకుంటూనే ఉంది. ఇంట్లో అడుగుపెట్టగానే అత్తను పట్టుకుంది.

“అత్తయ్యా, మీరూ చూశారా పాపను?”

కూరగాయలు తరుగుతున్న అత్త చేయి ఆగిపోయింది. కొడుకు వైపు చూసింది. కొడుకు చెప్పులు విప్పుకోవడంలో మునిగిపోయాడు.

“చూడకేం? బంగారుబొమ్మే అనుకో. కోటేరులాంటి ముక్కు. పెదవులు మాత్రం మావాడివి.”

“గడ్డం?”

“గడ్డమా... గడ్డం మా అమ్మది. ఇక్కడ ఇంత సొట్ట.”

ఆడపడుచును ఫోనులో అడిగితే బుగ్గలు ఇచ్చింది. మర్నాడు భోజనాల దగ్గర భర్త చెవులు ఇచ్చాడు, ఆ తర్వాత పెదాల మీద నవ్వులాంటిది ఉందని కూడా అన్నాడు. ఎవరిని అడిగితే వాళ్లు తలా ఒక ముక్క తెచ్చి ఆమె ఒళ్లో వేశారు. అద్దాలమ్మ ముఖం కడుక్కుంది, తల దువ్వుకుంది, కడుపు నిండా తింది, తిరిగి షాపుకు వెళ్లసాగింది. కౌన్సిలరమ్మాయి సంబరపడిపోయి, ఈ కొత్త గది బాగా పనిచేస్తోందనడానికి ఇదే ఉదాహరణ అని పై డాక్టర్లకు చెప్పుకుంది. అద్దాలమ్మ కూడా కాదనలేదు. కళ్లు మూసుకుంటే ఇప్పుడొక పాప కనిపిస్తోంది, సూటి ముక్కుతో, పెద్ద పెద్ద కళ్లతో, గడ్డం మీద సొట్టతో.

అలా ఉండగా ఒక పొద్దున షాపుకు ఓ తల్లి నెలల పిల్లను ఎత్తుకుని వచ్చింది. పుట్టుకతోనే కంట్లో పొరలుంటే ఆపరేషన్ చేశారట, జోడు పెట్టాలట. అలాంటి పసివాళ్లు ఎప్పుడో గానీ రారు. అద్దాలమ్మ అడుగు సొరుగులోంచి అన్నింటికన్నా చిన్న ఫ్రేము తీసింది. మెత్తటి రబ్బరుది. దానికి ముక్కు మీద ఆనే భాగం ఉండదు, తల వెనక నుంచి పట్టీ బిగిస్తారు.

“ఇదేంటి, ఇలా కడతారా?” అంది ఆ తల్లి.

షాపాయన అలాంటి ప్రతి తల్లితోనూ వేసే జోకే మళ్లీ వేశాడు. “జోడు కూర్చోవడానికి మీ పాపకి ముక్కెక్కడుందమ్మా? ఇప్పుడున్నది ఉత్త శనగగింజ. దూలం లేవడానికి ఇంకా బోలెడు టైముంది. అప్పటిదాకా తాడే గతి!”

తల్లి నవ్వింది. అద్దాలమ్మ చేతులు మాత్రం ఆ పిల్ల కళ్ల మధ్య ఆగిపోయాయి. అక్కడ ఎత్తు లేదు, ఎముక తగల్లేదు. బొటనవేలితో నిమిరితే చదునుగా, మెత్తగా ఉంది. ఇది పుట్టి నెలలు గడిచిన పిల్ల. మరి అప్పుడే కడుపులోంచి వచ్చినదానికి సూటి ముక్కెక్కడిది? కోటేరు ముక్కెక్కడిది? ఒక్కసారైనా కళ్లు తెరవని పిల్లవి ఇంతింత కళ్లని అతనికెలా తెలిసింది?

కొత్తగా తెలిసిందేమీ కాదు. పనిలో చేరినప్పటి నుంచీ ఆ పట్టీలు కడుతున్నది ఆమే. తెలిసి కూడా నమ్మింది. ఆకలితో ఉన్నవాళ్లు పెట్టినదల్లా తింటారు, ఆమె కూడా తింది.

పట్టీ బిగించి, జోడు సరిచేసింది. ఆ పిల్ల కాసేపు బిత్తరపోయి, తర్వాత అద్దాలమ్మ ముఖంలోకి తదేకంగా చూసింది. అద్దాలమ్మ ఆ చూపు భరించలేక లోపలి గదిలోకి వెళ్లిపోయి, ఫ్రేముల అట్టపెట్టెల మధ్య చాలాసేపు కూర్చుంది.

ఇంట్లో అడగలేదు. ఇంట్లో అడిగితే అతను లేచి బయటికి పోతాడు. ఆకుపచ్చ గదిలో అయితే పరాయి మనిషి ఎదురుగా కదలడానికి ఉండదు. మళ్లీ ఆ గదిలో కూర్చునేదాకా పళ్ల బిగువున ఓర్చుకుంది.

“ఈరోజు కూడా పాప ముఖంతోనే మొదలుపెడదామా మేడం?” అంది కౌన్సిలరమ్మాయి ఉత్సాహంగా.

“పెడదాం. ఆయన్నే చెప్పమనండి. ఏమండీ, పాప ముక్కు దూలం ఎక్కడ మొదలైంది? కళ్ల మధ్యనా, కిందా?”

అతను నీళ్లు నమిలాడు. “అంటే... మామూలుగానే...”

“కళ్లు పెద్దవన్నారు. తెరిచి ఉన్నాయా?”

అతను కుర్చీలో వెనక్కి జరిగాడు.

“నా మీద ఒట్టేసి చెప్పండి. చూశారా?”

అతను రెండు అరచేతులూ మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి అతను. అంతస్తులకు అంతస్తుల లోతున్న గోతిలో ఇనుప తాడు పట్టుకుని వేలాడుతూ పని చేస్తాడు, కింద నిలబడి చూసేవాళ్లకే కళ్లు తిరుగుతాయి. ఆ మనిషికి గుప్పెడంత ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

“చూడలేదు,” అన్నాడు. “సిస్టరు గుమ్మం దగ్గరికి తెచ్చి, చూస్తారా అంది. కప్పేయమన్నాను. కప్పి ఇచ్చింది. వెచ్చగా ఉంది. నీ కడుపులోని వేడి ఇంకా పోలేదు. నాకు తెలిసింది అదొక్కటే. ఆకాశంకేసి చూస్తూ నడిచాను.”

“అత్తయ్య?”

“అమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.”

“మరెందుకండీ ఆ మాటలన్నీ?”

“నువ్వలా వెతుక్కుంటుంటే ఏదో ఒకటి చేతిలో పెట్టాలనిపించింది. పెట్టాక నువ్వు తిన్నావు, కంటి నిండా నిద్రపోయావు. ఇక ఆపడం నా వల్ల కాలేదు.” అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. “వచ్చినవాళ్లందరూ నన్ను పక్కకు పిలిచి దాన్ని జాగ్రత్తగా చూసుకో అన్నారు. నువ్వెలా ఉన్నావురా అని ఒక్కడూ అడగలేదు. నాకూ కూతురే కదా అది.”

ప్లాస్టిక్ కుర్చీలో వంగిపోయి, పెద్దగా ఏడ్చాడు. అద్దాలమ్మ అతన్ని ఓదార్చలేదు. ఓదార్చాలని అనిపించలేదు. ఈసారి టిష్యూల డబ్బా అవతలి వైపుకే జరిగింది. కౌన్సిలరమ్మాయి రెండు తీసుకుని కళ్లు ఒత్తుకుంది.

“ఆ సిస్టరును పిలిపిస్తావా అమ్మా?” అంది అద్దాలమ్మ.

పెద్ద సిస్టరు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. “నిన్ను ఊరడించడానికి నేనూ ఒక అబద్ధం చెప్పొచ్చు,” అంది. “చెప్పనమ్మా. నేనూ చూడలేదు. చుట్టడం నా చేతులకు అలవాటైపోయింది. కళ్లు పక్కకు తిప్పుకునే చుడతాను. ఒక్కొక్కరినీ చూస్తూ కూర్చుంటే మర్నాడు నేను డ్యూటీకి రాలేను. మాకు ఏ గదీ లేదు మరి.”

ఇన్నాళ్లూ అద్దాలమ్మ తన ఒక్కదానికే ఆ ముఖం దక్కలేదనుకుంది. ఎవరి దగ్గరో ఉంది, ఎలాగో అడిగి తీసుకోవచ్చు అనుకుంది. ఎవరి దగ్గరా లేదు. నిండు నెలలు మోసి కన్న బిడ్డను ఈ లోకంలో ఒక్క మనిషి కూడా ముఖమైనా చూడకుండానే సాగనంపేశారు.

కౌన్సిలరమ్మాయి మంచిదే. అద్దాలమ్మను వెంటబెట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికి తీసుకెళ్లింది. చల్లటి గదిలో పెద్ద డాక్టర్లు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు. అద్దాలమ్మ ఒకే ఒక్క మాట అడిగింది.

“తల్లిని అడగండి సార్. అత్తను కాదు, మొగుణ్ణి కాదు, తల్లిని. వద్దంటే ఇంకాసేపాగి మళ్లీ అడగండి. చూసి ఏడుస్తుంది. ఏడవనివ్వండి.”

అందరూ తలకాయలు ఊపారు. “చాలా విలువైన సూచన,” అన్నాడు సూపరింటెండెంటు. ఒకాయన ఆమెకు నీళ్ల సీసా మూత తీసి మరీ అందించాడు.

తర్వాత కౌన్సిలరమ్మాయి ఫోను చేసింది. గొంతు నీరసంగా ఉంది.

“మార్పు చేశారక్కా. ఇక మీద పాప ముఖం గుర్తు తెచ్చుకోమని ఎవరినీ అడగక్కర్లేదట. ఆ మెట్టు తీసేశారు. దాని బదులు సముద్రపు ఒడ్డును ఊహించుకోమనాలి.”

“చూపించే సంగతో?”

“బంధువులు గొడవ చేస్తారట. పద్ధతి పద్ధతేనట.”

అద్దాలమ్మ నవ్వింది. అంత చేదు నవ్వు తనలో ఉందని ఆమెకే తెలియదు. “అయితే ఒక పని చెయ్యి,” అంది. “ఇంకెవరికైనా ఇలా జరిగితే, పద్ధతి సంగతి వదిలేసి, ముందు నాకు కబురు చెయ్యి.”

కబురు రానే వచ్చింది. పట్టపగలు, షాపులో ఉండగా. భర్తకు ఫోను చేసి రమ్మంది. ఇద్దరూ బండి మీద బయల్దేరారు. ఆకుపచ్చ గదిలో ఏడ్చిన రోజు నుంచి ఇద్దరి మధ్యా పని మాటలు తప్ప లేవు. ఆ తల్లితో ఏమనాలో, ఆ ఇంటివాళ్లతో ఏమనాలో ఆమె దారి పొడవునా కూడబలుక్కుంటూ వచ్చింది.

వరండా చివర గోడకు ఆనుకుని ఓ కుర్రాడు పైకప్పుకేసి చూస్తున్నాడు. అతని తల్లి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. కౌన్సిలరమ్మాయిని లోపలికి అడుగుపెట్టనివ్వడం లేదు. లోపల్నుంచి ఎవరిదో గొంతు, “ఏదీ, ఒక్కసారి చూపించండి” అని. పెద్ద సిస్టరు చేతుల్లో తెల్లగుడ్డ. “చూస్తావా బాబూ?” అంది, కప్పేయబోతూనే.

అద్దాలమ్మకు కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. ఆమెను దాటుకుని ఆమె మొగుడు ముందుకు నడిచాడు.

“చూడు తమ్ముడూ,” అన్నాడు.

పెద్దావిడ గయ్యిమని లేచింది. “ఎవరయ్యా నువ్వు? మా ఏడుపు మేం ఏడుస్తుంటే మధ్యలో నువ్వెవరు?”

“చూడనివాణ్ణమ్మా,” అన్నాడతను. కుర్రాడి వైపు తిరిగాడు. “నాకూ ఓ కూతురు పుట్టింది. ఇదే గుమ్మంలో నా చేతికిచ్చారు. నేను చూడలేదు. ఇప్పుడు మా ఆవిడ అడిగితే, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.”

కుర్రాడు అతన్ని చూశాడు, వెనక నిలబడ్డ అద్దాలమ్మను చూశాడు. తర్వాత తల దించాడు. కప్పబోతున్న సిస్టరు చేయి ఆగింది. అతను అలాగే చూస్తూ ఉండిపోయాడు. సిస్టరు కూడా, ఏమనుకుందో ఏమో, కళ్లు తిప్పుకోలేదు. కాసేపటికి కుర్రాడు ఆ గుడ్డమూటను రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. “ఒరేయ్, వద్దురా, అది తట్టుకోలేదు” అని తల్లి అంటూనే ఉంది. కుర్చీని కాలితో పక్కకు నెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకుంది. ఆ తర్వాత లోపలున్న ఆ బిడ్డ తల్లి ఏడవడం మొదలుపెట్టింది. పేరు పెట్టి పిలుస్తూ, “ఈ వేళ్లు చూడండీ, ఈ చెవులు చూడండీ” అంటూ, ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడ్చింది.

“మంచి పని చేశారక్కా,” అంది కౌన్సిలరమ్మాయి చేయి పట్టుకుని.

అద్దాలమ్మ తల ఊపింది. మంచి పనే. బెంచీ మీద కూర్చుంది. భర్త వచ్చి పక్కన కూర్చుంటే, ఆమె దూరం జరగలేదు. లోపల్నుంచి ఆ ఏడుపు వస్తూనే ఉంది. దాన్ని వింటున్నకొద్దీ అద్దాలమ్మకు ఆ ముక్కూ మొహం తెలియని తల్లి మీద పట్టలేనంత అసూయ కలిగింది.